బాపు దుబాయ్‌లో ఉన్నాడని చెప్పాను. ఇప్పుడు బాబును జైలుకు, ములాఖత్‌కు తీసుకెళ్లాలా, వద్దా?

కోరుట్ల అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇంత పెద్దగా ఎప్పుడూ రాయలేదు, తప్పులుంటే మన్నించండి.

మాది జగిత్యాల జిల్లా. మా ఆయన రెండేళ్లుగా హైదరాబాద్ చర్లపల్లి సెంట్రల్ జైల్లో ఉన్నాడు. ఏడేళ్ల శిక్ష పడింది. మాకు ఇద్దరు పిల్లలు. బాబుకు ఎనిమిదేళ్లు నిండాయి, మూడో తరగతి. పాపకు నాలుగేళ్లు.

ఏం జరిగిందో దాచను. పాలివాళ్లతో పొలం గెట్టు పంచాయతీ. మాటా మాటా పెరిగి మా ఆయన పార కామతో కొట్టాడు. ఆ మనిషి మూడో రోజు ఆసుపత్రిలో చనిపోయాడు. ఆయనకూ ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఇంటి వైపు చూడాలంటే ఇప్పటికీ నాకు తల లేవదు. శిక్ష పడ్డాక ఆ ఊళ్లో ఉండలేక కోరుట్లలో మా అమ్మ దగ్గరికి వచ్చేశాను. ఇద్దరం బీడీలు చేస్తాం. అమ్మకు బీడీ పెన్షన్ 2,016 రూపాయలు వస్తుంది. దాంతోనే నడుస్తోంది.

మా ఆయన వెళ్లేనాటికి బాబుకు ఆరేళ్లు. బాపు ఎక్కడ అని అడిగితే దుబాయ్ పోయాడని చెప్పాను. మా వైపు గల్ఫ్‌కు పోవడం కొత్త కాదు, మా వాడకట్టులోనే నలుగురైదుగురు ఉన్నారు. ఎవరికీ అనుమానం రాని మాట కదా అనుకున్నాను. కానీ ఆ మాటే నన్ను ఇప్పుడు పట్టుకుంది. పక్కింటి పిల్లలకు శుక్రవారం వస్తే వాళ్ల నాన్న వీడియో కాల్ చేస్తాడు. రెండేళ్లకోసారి పెద్ద అట్టపెట్టెతో దిగుతాడు. 'మన బాపు వీడియో కాల్ ఎందుకు చేయడు?' అని మావాడు అడిగాడు. ఎడారిలో పని, నెట్ ఉండదు అన్నాను. జైలు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నంబరు చూసి, '971 లేదు కదమ్మా' అన్నాడు. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఆ నంబరు తెలుసు. నాకు నోట మాట రాలేదు.

పోయిన దసరాకు ఒక సెకండ్ హ్యాండ్ సైకిల్ కొని, బాపు పైసలు పంపాడు, దాంతో కొన్నాను అని చెప్పాను. రెండు నెలలు దాన్ని వదల్లేదు. పొద్దున లేవగానే తుడిచేవాడు.

సంక్రాంతి సెలవులకు వాళ్ల బాపమ్మ దగ్గరికి, పాత ఊరికి వెళ్లి వచ్చాడు. చొక్కా జేబు చిరిగి ఉంది. పడ్డాను అన్నాడు. నాలుగు రోజుల తర్వాత మా అత్తమ్మ ఫోన్ చేసి అసలు సంగతి చెప్పింది. ఆడుకునేచోట ఒక పిల్లాడు అందరి ముందూ 'మీ బాపు మనిషిని చంపిండు, జైల్లో ఉన్నాడు' అన్నాడట. ఆ రోజు నుంచి మావాడు బాపు గురించి ఒక్క మాట అడగలేదు. సైకిల్ ముట్టుకోవడం లేదు. చైన్ ఊడిపోయి అరుగు మీద అలాగే ఉంది. వాడు అడిగినప్పటి కన్నా అడగడం మానేసినప్పటి నుంచే నాకు టెన్షన్ ఎక్కువైంది.

నేను రెండు నెలలకోసారి వెళ్లి మా ఆయన్ను చూసి వస్తాను. తెల్లవారుజామున బస్సు, సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్‌లో దిగి మళ్లీ ఈసీఐఎల్ బస్సు, అక్కణ్నుంచి చర్లపల్లి. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు, మహాలక్ష్మి పథకం వచ్చాక నాకు టికెట్ లేదు కాబట్టి వెళ్లగలుగుతున్నాను. మధ్యలో అద్దం, ఫోన్లో మాట్లాడాలి. పిల్లల్ని తీసుకురానా అంటే వద్దంటాడు. 'నన్ను ఈ బట్టల్లో చూడొద్దు, వాళ్ల కళ్లల్లో నేను పాత మనిషిగానే ఉండాలి' అంటాడు. అత్తమ్మేమో చిన్నపిల్లలు జైలు గడప తొక్కితే మంచిది కాదంటుంది. మా అన్న 'ఐదేళ్లు ఎంతసేపు, దుబాయే అని నడిపించు' అంటాడు.

నేను చేసిన తప్పు ఎలా దిద్దుకోవాలి? బాబుకు చెప్పాలా? చెబితే ఎంత చెప్పాలి? తీసుకెళ్లాలా? పాప సంగతేమిటి, దానికి వాళ్ల బాపు మొహం కూడా గుర్తులేదు. ఈ పరిస్థితి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

---

పారా లీగల్ వాలంటీర్, నిజామాబాద్

చెల్లె, మనసు సంగతి నాకన్నా బాగా చెప్పేవాళ్లు వస్తారు. నాకు తెలిసిన పనులు చెప్తాను.

ముందు ములాఖత్. నేషనల్ ప్రిజన్స్ పోర్టల్‌లో ఈ-ములాఖత్ అని ఉంటుంది. అందులో రాష్ట్రం, జైలు, ఖైదీ పేరు నింపి రిక్వెస్ట్ పెడితే జైలువాళ్లు ఓకే చేశాక మెసేజ్ వస్తుంది. నేరుగా వెళ్లి కలవడానికీ, వీడియోలో మాట్లాడడానికీ రెండింటికీ అందులోనే పెట్టుకోవచ్చు. కరోనా సమయంలో ములాఖత్‌లు ఆగిపోయినప్పుడు ఈ వీడియో పద్ధతి చాలామందికి అలవాటైంది. మీకు రానూపోనూ ఒక రోజు పోతోంది, ఒక రోజు బీడీల కూలీ పోతోంది. మధ్య నెలలో వీడియో ములాఖత్ పెట్టుకోండి. రోజులు, టైమ్ ఒక్కో జైలుకు ఒక్కోలా ఉంటాయి, ఈసారి వెళ్లినప్పుడు ములాఖత్ కౌంటర్‌లో అడిగి రాసుకోండి. పిల్లల ఆధార్ కార్డులు తప్పకుండా దగ్గర పెట్టుకోండి. అంత దూరం పోయి కార్డు లేదని గేటు దగ్గర ఆగిపోయినవాళ్లను చూశాను.

మీకు అంత దూరం ఎందుకు పడిందో కూడా చెప్తాను. వరంగల్‌లో సెంట్రల్ జైలు ఉండేది. 2021లో ఆసుపత్రి కట్టడానికి దాన్ని కూల్చేశారు. ఆసుపత్రి కావలసిందే. కానీ ఉత్తర తెలంగాణ ఖైదీల ఇళ్లవాళ్లకు ఆ రోజు నుంచి దారి పొడవైంది, ఆ లెక్క ఎవరూ వేయలేదు. దగ్గరి జైలుకు మార్చమని మీ ఆయన సూపరింటెండెంట్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. చిన్న పిల్లలున్నారని, దూరం ఎంతో అందులో రాయమనండి. ఇస్తారని నేను మాట ఇవ్వలేను, అడగడం మాత్రం మానొద్దు.

రెండోది డబ్బు. మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద స్పాన్సర్‌షిప్ అని ఉంది, పిల్లకు నెలకు 4,000 రూపాయలు. తల్లిదండ్రులు చూసుకోలేని స్థితిలో ఉన్న పిల్లలకు, ఇంటి ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతాచోట్ల 96,000 దాటకపోతే అప్లై చేయవచ్చు. జగిత్యాలలో జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లను అడగండి. ఎక్కడుందో తెలియకపోతే మీ అంగన్‌వాడీ టీచర్‌ను అడగండి, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. శిక్ష పడినట్టు కోర్టు కాగితం కాపీ, ఆదాయం సర్టిఫికెట్, పిల్లల బ్యాంకు ఖాతా అడుగుతారు. కమిటీ చూసి మంజూరు చేస్తుంది కాబట్టి ఆలస్యం అవుతుంది. ముందే పెట్టండి.

హైకోర్టులో అప్పీల్ వేశారా? వేయకపోతే, లేదా వేసి లాయర్‌కు కట్టలేకపోతే, 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, పిల్లలకు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. ఎవరి దయా కాదు.

---

శివరాత్రి

నేనైతే వద్దంటాను. మా అక్క కొడుకును ఇలాగే జైలుకు తీసుకెళ్లారు. వచ్చాక వారం రోజులు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచాడు. చిన్న మనసు తట్టుకోలేదు. పెద్దయ్యాక వాడే తెలుసుకుంటాడు. ఇప్పుడు చదువు మీద పెట్టండి.

---

తణుకు అబ్బాయి

అక్కా, మీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను. రెండుసార్లు రాసి చెరిపేశాను. మీ బాబు స్థానంలో పెరిగినవాణ్ని నేను, అందుకే రాయాలనిపించింది.

మాది తణుకు దగ్గర పల్లె. 2002లో, నాకు ఏడేళ్లప్పుడు, మా నాన్న రాజమండ్రి సెంట్రల్ జైలుకు వెళ్లాడు. 2010లో వచ్చాడు. కేసు సంగతి ఇక్కడ రాయను. తప్పు చేశాడు, ఆ మాట ఆయనే నాకు చెప్పాడు.

మా అమ్మ మొదటి వారంలోనే చెప్పేసింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని, 'నాన్న కోపంలో ఒకళ్లని బాగా దెబ్బ కొట్టాడు. అలా కొట్టకూడదు. అందుకని జడ్జిగారు కొన్నేళ్లు జైల్లో ఉండమన్నారు. మనం వెళ్లి చూడొచ్చు. ఇందులో నీ తప్పేమీ లేదు' అంది. అంతే. ఆ ఆఖరి మాట ఎందుకందో తనకెలా తోచిందో నాకు ఇప్పటికీ తెలియదు. పోలీసులు రావడానికి ముందు రోజు నేను నాన్న మీద అలిగి అన్నం తినలేదు. అందుకే నన్నొదిలేసి పోయాడని లోపల్లోపల అనుకుంటూ ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు. మీ బాబు కూడా ఏదో ఒకటి అనుకునే ఉంటాడక్కా. పిల్లలు ఖాళీ ఉంచరు, మనం చెప్పకపోతే వాళ్లే ఒక కథ అల్లుకుంటారు, అందులో తప్పు వాళ్లదే అవుతుంది.

నెలకోసారి తణుకులో ప్యాసింజర్ ఎక్కేవాళ్లం. నిడదవోలు, కొవ్వూరు దాటితే గోదావరి వంతెన. వంతెన మీదికి రాగానే అమ్మ నా చేతిలో రూపాయి బిళ్ల పెట్టేది, కిటికీలోంచి విసిరి దణ్ణం పెట్టుకునేవాణ్ని. జైల్లో అప్పట్లో జాలీకి ఇటు మేము, అటు వాళ్లు. పక్కన పది కుటుంబాలు, అందరూ ఒకేసారి అరుస్తుంటే ఎవరి మాట ఎవరికీ వినపడదు. మొదటిసారి నేను ఏడుస్తూ నిలబడ్డాను. నాన్న అరిచిన మాటల్లో ఒక్కటే నా చెవిన పడింది. 'గోదారిలో నీళ్లెలా ఉన్నాయిరా?'

ఊళ్లోనే గోదారి, ఆయనకు కనపడదు. నేను చూసి వచ్చాను. ఆయనకు తెలియంది నాకు తెలుసు. ఏడుపు ఆపి చెప్పాను.

ఆ రోజు నుంచి అదే నా పని. వంతెన వచ్చిందంటే కిటికీ దగ్గర ఎవర్నీ కూర్చోనిచ్చేవాణ్ని కాదు. మే నెలలో ఇసుక తిన్నెలు ఎక్కడిదాకా వచ్చాయి, జులైలో నీళ్లు ఎప్పుడు ఎర్రబడ్డాయి, పడవలు ఎన్ని, ఒక స్తంభం మీద గుర్తు పెట్టుకుని దాని దగ్గర నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయి, అన్నీ నోటు పుస్తకంలో రాసేవాణ్ని. 2003 పుష్కరాలప్పుడు రైళ్లలో కాలు పెట్టే చోటు లేక ఆ నెల వెళ్లలేకపోయాం. పోస్టు కార్డు మీద, వెళ్లొచ్చినవాళ్లు చెప్పిందంతా చీమల్లాంటి అక్షరాలతో రాసి పంపాను. 2006 ఆగస్టు వరద తర్వాత వెళ్లినప్పుడైతే ములాఖత్ టైమంతా అదే మాట్లాడాను, అమ్మకు ఒక్క ముక్క మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. అమ్మ ఏమీ అనలేదు.

ఇంకో విషయం. నా ప్రోగ్రెస్ కార్డు మీద అమ్మ సంతకం పెట్టేది కాదు. కవర్‌లో పెట్టి జైలుకు పోస్టు చేసేది. నాన్న సంతకంతో తిరిగి వచ్చేసరికి రెండు మూడు వారాలు పట్టేది. మా క్లాసు మాస్టారికి సంగతి తెలుసు, అందరి కార్డులూ తీసుకునేటప్పుడు నన్ను అడిగేవారు కాదు, వచ్చినప్పుడు ఇవ్వు అనేవారు. లెక్కల్లో 28 వచ్చినప్పుడు సంతకం కింద 'ఎక్కాలు రోజూ చదువు' అని ఉంది. జైల్లో ఉన్న నాన్న నన్ను తిట్టాడు అక్కా. నాకు నాన్న ఉన్నాడని ఆ రోజు ఎంత గట్టిగా అనిపించిందో మాటల్లో చెప్పలేను.

అన్నీ బాగా జరిగాయని చెప్పను. తొమ్మిదో తరగతిలో పదకొండు నెలలు నేను వెళ్లలేదు. సిగ్గేసింది, కోపం వచ్చింది. అమ్మ బలవంతం చేయలేదు, తను మాత్రం వెళ్లడం మానలేదు. నాన్న ఉత్తరాలు వస్తూనే ఉండేవి. కింద ఎప్పుడూ ఒకటే వాక్యం, 'గోదారి సంగతి నువ్వొచ్చి చెబుదువుగాని.' ఒక్కదానికీ జవాబు రాయలేదు, ఒక్కటీ పారేయలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆర్నెల్లు కష్టమైంది. ఆయన మనసులో నేను ఏడేళ్ల దగ్గరే ఆగిపోయాను. పదిహేనేళ్లవాడికి అన్నం కలిపి పెట్టబోయేవాడు, నేను విసుక్కునేవాణ్ని. తర్వాత ఒక రోజు పనిమీద ఇద్దరం రాజమండ్రి వెళ్లాం. వంతెన మీద ఆయన సీట్లోంచి లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు. నువ్వు చెప్పే స్తంభం ఏదిరా అని అడిగాడు.

అక్కా, ములాఖత్ ఒక్కటే సరిపోదు. రెండు నెలలకోసారి ఇరవై నిమిషాలు, అందులో సగం ఏడుపు. వాళ్లిద్దరి మధ్య నడిచే పని ఒకటి కావాలి, తండ్రి లేకపోతే ఆగిపోయే పని. మీ ఆయన, బాబు ఇంతకుముందు కలిసి ఏం చేసేవారు? అక్కణ్నుంచి వెతకండి.

మీ ఆయన వద్దంటున్నది సిగ్గుతో. మా నాన్న కూడా మొదట్లో అలాగే అన్నాడట. 'నీ సిగ్గు కోసం నా కొడుక్కి తండ్రిని లేకుండా చేయను' అని అమ్మ అందట. మీరూ అనండి.

శివరాత్రి గారూ, మీ అక్క కొడుకు ఉలిక్కిపడ్డాడంటే నమ్ముతాను. నేనూ పడ్డాను. కానీ తీసుకెళ్లే ముందు ఆ పిల్లాడికి ఎవరైనా చెప్పారా, వచ్చాక ఎవరైనా పక్కన కూర్చుని అడిగారా? పైగా ఈ బాబుకు పెద్దయ్యాక తెలిసేది ఏమీ మిగల్లేదండీ. ఇప్పటికే తెలిసింది, అదీ వాళ్లమ్మ నోటి నుంచి కాదు.

---

రిటైర్డ్ వార్డర్

అమ్మా, నేను ఒక మహిళా జైల్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. తణుకు అబ్బాయి రాసింది చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

మా దగ్గర ఆరేళ్ల లోపు పిల్లలు తల్లితోనే ఉండేవారు. 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆ కేసులో ఎదుటి పక్షం మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. తల్లితో ఉన్న బిడ్డను ఖైదీలాగా చూడకూడదని, జైల్లో పుట్టినా బర్త్ సర్టిఫికెట్‌లో జైలు పేరు రాయకూడదని, క్రెష్, నర్సరీ ఉండాలని అందులో చెప్పారు. ఆరేళ్లు దాటాక బయటికి పంపాలి. హోమ్‌లో పెట్టిన బిడ్డ వారానికి ఒకసారైనా తల్లిని చూడాలని కూడా ఉంది.

కాగితం మీద మంచి తీర్పు. కానీ ఆరేళ్లు నిండిన రోజు ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను. ఒక పాపను వాళ్ల అమ్మమ్మ తీసుకెళ్లింది. నెల తర్వాత ములాఖత్‌కు వచ్చి నాతో చెప్పింది, సాయంత్రం ఆరవగానే ఆ బిడ్డ గుమ్మం దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడుతోందట. లాకప్ టైమ్ అది. లెక్క తీసుకోవడానికి ఎవరో వస్తారని ఎదురుచూస్తోంది. ఆ తల్లి అది విని గోడకు తల ఆనించి ఉండిపోయింది. ఆ తర్వాత నేను ఆ టైమ్‌కు లెక్క తీసుకున్నప్పుడల్లా ఆ పాపే గుర్తొచ్చేది.

నీకు చెప్పాల్సినవి చెప్తాను. బాబును తీసుకెళ్లే ముందు అక్కడ ఏముంటుందో వరసగా చెప్పు. పెద్ద గేటు ఉంటుంది, యూనిఫాం వేసుకున్నవాళ్లు చేతులతో తడిమి చూస్తారు, మన ఫోను బయట ఇచ్చేయాలి, బాపు తెల్ల బట్టల్లో ఉంటాడు, అద్దం అవతల ఉంటాడు, ముట్టుకోవడం కుదరదు. ఆ చివరిది తప్పకుండా చెప్పు. అద్దం దగ్గరికి వచ్చాక ముట్టుకోలేమని తెలిసిన పిల్లల ఏడుపు వేరుగా ఉంటుంది. మహారాష్ట్ర జైళ్లలో గళాభేట్ అని పెట్టి, పిల్లలు అమ్మానాన్నల ఒళ్లో కూర్చుని కాసేపు గడిపే ఏర్పాటు చేశారు. పత్రికల్లో ఆ ఫోటోలు చూసినప్పుడు మన దగ్గర కూడా ప్రతి జైల్లో ఉండాలని ఎంత అనిపించిందో. మన దగ్గర కూడా పిల్లలకు దగ్గరగా కలిసే వీలు ఏమైనా ఉందేమో సూపరింటెండెంట్‌ను నోరు తెరిచి అడుగు. పండగల ముందు అడిగితే వింటారు.

మొదటిసారి బాబును ఒక్కణ్నే తీసుకెళ్లు, పాపను వద్దు. ఇద్దరుంటే చిన్నది ఏడుస్తుంది, టైమంతా దాన్ని ఊరుకోబెట్టడానికే పోతుంది. పాపకు ఇంట్లో వాళ్ల బాపు ఫోటో ఒకటి కళ్లకు అందే ఎత్తులో పెట్టు, ఫోన్ వచ్చినప్పుడు ఆ ఫోటో దగ్గర నిలబడి మాట్లాడించు. లోపలికి వెళ్లే ముందు పిల్లాడికి కడుపు నిండా పెట్టు. తిరిగి వచ్చేటప్పుడు మాయ చేసి లాక్కురాకు, 'ఇప్పుడు వెళ్తాం, మళ్లీ ఫలానా నెలలో వస్తాం' అని వాళ్ల బాపుతోనే చెప్పించు. త్వరలో ఇంటికి వస్తా అని మాత్రం ఆయన అనకూడదు. ఆ త్వరలో అనే మాట పట్టుకుని పిల్లలు రోజులు లెక్కపెడతారు.

గడప తొక్కితే కీడు అన్న మీ అత్తగారితో నా మాటగా చెప్పు. జైలు గడప తొక్కి తల్లిని చూసిన పిల్లలు నాకు వందమంది తెలుసు. వాళ్లకు కీడు జరగలేదు. చూడనివ్వని పిల్లలే పెద్దయ్యాక గేటు దగ్గరికి ఒంటరిగా వచ్చి, మా అమ్మ ఇక్కడ ఉండేదా అని అడిగేవారు.

---

కోరుట్ల అమ్మ

రాయడానికి ఇన్ని రోజులు పట్టింది, ఏమీ అనుకోవద్దు.

ముందు ఫోన్లో మా ఆయనకు తణుకు తమ్ముడి అమ్మ అన్న మాట చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. నిమిషాలు అయిపోతున్నాయి, నేను కూడా ఊరుకున్నాను. చివరికి 'తీసుకురా' అన్నాడు.

బాబుకు ఒక రాత్రి చెప్పాను. పాప నిద్రపోయింది. నేను బీడీల చాట ఒళ్లో పెట్టుకునే ఉన్నాను, చేతులు ఖాళీగా ఉంటే చెప్పలేనేమో అని. 'బాపు దుబాయ్‌లో లేడు. నేను నీకు అబద్ధం చెప్పాను, తప్పు నాది' అన్నాను. వాడు తల ఎత్తకుండానే 'నాకు తెలుసు' అన్నాడు. మిగతాది తమ్ముడి అమ్మ చెప్పినట్టే చెప్పాను. కోపంలో కొట్టాడు, ఆ మనిషి చనిపోయాడు, జడ్జి ఏడేళ్లు ఉండమన్నాడు, నీ తప్పేమీ లేదు. చనిపోయాడు అన్న మాట దాచలేదు, వాడు ఎలాగూ విన్నాడు. ఆ పెద్దమనిషి బిడ్డలు మనకూ కావలసినవాళ్లే, వాళ్లు ఏమన్నా నువ్వు చెయ్యెత్తొద్దు అని చెప్పాను.

అంతా విని వాడు అడిగింది ఒకటే. 'మరి సైకిల్ ఎవరు కొన్నారు?'

నేనే, బీడీల పైసలతో అన్నాను. ఏమీ అనలేదు. కాసేపటికి వచ్చి నా పక్కన పడుకున్నాడు. రెండేళ్లుగా అమ్మమ్మ దగ్గరే పడుకునేవాడు.

మొన్న ఆదివారం రాత్రే బట్టలు సర్దుకుని, సోమవారం తెల్లవారుజామున బస్సెక్కాం. నాకు టికెట్ లేదు, వాడికి హాఫ్ టికెట్. హాఫ్ టికెట్ వాడే పట్టుకున్నాడు. వార్డరమ్మ చెప్పినవన్నీ బస్సులోనే వరసగా చెప్పాను. గేటు దగ్గర వాడే నాకు చెప్పాడు, 'ఇప్పుడు తడిమి చూస్తారు, భయపడకు' అని. జేబీఎస్‌లో ఇడ్లీ తినిపించాను, సగమే తిన్నాడు.

మా ఆయన అద్దం అవతలికి రాగానే ఏడ్చేశాడు. బాబు ఏడవలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు, మాట రాలేదు. నేను తమ్ముడు రాసింది గుర్తు చేసుకుని, 'సైకిల్ చైన్ ఊడింది, బాపును అడుగు' అన్నాను. మా ఆయన ట్రాక్టర్ నడిపేవాడు, ఇంట్లో ఏది పాడైనా తనే బాగుచేసేవాడు, బాబు పక్కన కూర్చుని పానాలు అందించేవాడు. అడిగాక ఆయన ఏడుపు తుడుచుకున్నాడు. వెనక చక్రం నట్లు రెండు వైపులా వదులు చేయాలి, చక్రాన్ని ముందుకు జరిపి చైన్ వేయాలి, అప్పుడు చక్రాన్ని వెనక్కి లాగి పట్టుకోవాలి, మళ్లీ బిగించాలి అని చేతులతో చూపిస్తూ చెప్పాడు. బాబు అద్దం మీద వేలితో గీస్తూ ఎటు తిప్పాలి, కుడికా ఎడమకా అని మళ్లీ మళ్లీ అడిగాడు. టైమ్ అయిపోయిందని గంట కొట్టేవరకు అదే. నేను అప్పీల్ సంగతి అడగాలనుకున్నాను, కుదరలేదు. వాలంటీర్ అన్న చెప్పిన నంబర్‌కు ఫోన్ చేశాను, దాని పని నడుస్తోంది. స్పాన్సర్‌షిప్‌కు కాగితాలు ఇచ్చాను. ఆదాయం సర్టిఫికెట్ ఇంకా రావాలి.

వచ్చిన రెండో రోజు రాత్రి బాబు నిద్రలో లేచి ఏడ్చాడు. శివరాత్రి గారు చెప్పింది నిజమే. పక్కన కూర్చున్నాను. బాపు సన్నబడ్డాడు అన్నాడు. అవును, నాకూ అలాగే అనిపించింది అన్నాను. పడుకున్నాడు.

పాపకు ఫోటో పెట్టాం, తలుపు పక్కన, దానికి అందేలా. దానికి అన్నం పెట్టేటప్పుడు ఒక ముద్ద ఫోటోకు కూడా పెడుతోంది. ఫోటో అంతా మరకలు. తుడవాలా వద్దా అని మా అమ్మ అడుగుతోంది.

ఇక సైకిల్. పక్కింటి నుంచి పానా తెచ్చి ఒక మధ్యాహ్నమంతా కూర్చుని చైన్ వేశాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. నాలుగు రోజులు తొక్కాక మళ్లీ ఊడింది. ఈసారి బాపును ఏం అడగాలో నోటు పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాడు. మొదటిది చైన్. రెండోది నాకు చూపించలేదు, అరచేయి అడ్డం పెట్టాడు.